కరువు సీమలో వరద కాపలా

పశ్చిమ ప్రకాశంలో వరద అంటే వాగు వరద. కృష్ణా గోదావరులకు వచ్చే వరద రెండు మూడు రోజుల ముందే ఎగువ ప్రాజెక్టుల నుంచి కబురు పంపుతుంది. ఎక్కడ ఎన్ని లక్షల క్యూసెక్కులు వదిలారో, ఆ నీరు ఏ ఊరికి ఎప్పటికి చేరుతుందో లెక్క కట్టే వ్యవధి ఉంటుంది. మార్కాపురం, గిద్దలూరు, కంభం, దోర్నాల, ఎర్రగొండపాలెం ప్రాంతాలకు ఆ వెసులుబాటు లేదు. మధ్యాహ్నం నల్లమల మీద కుండపోతగా కురిస్తే పొద్దుగూకేసరికి వాగులు పొంగి చప్టాలు మునుగుతాయి. చాలాసార్లు తెల్లవారేటప్పటికి నీళ్లు తీసేస్తాయి కూడా. హెచ్చరికైనా సాయమైనా ఆ కొన్ని గంటల్లో అందాలి. రాష్ట్రంలో విపత్తుల యంత్రాంగం ఎక్కువగా కోస్తా తుపానులను, పెద్ద నదులను చూసి రూపుదిద్దుకుంది. దాన్ని వాగుల కొలతకు కుదించుకోవడమే ఈ ప్రాంతంలో అసలు పని.

నేల తీరు చూస్తే కారణం తెలుస్తుంది. పడమటి అంచున నల్లమల కొండలు గోడలా నిలబడి ఉన్నాయి. గుండ్లకమ్మ నది పుట్టే గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర శిఖరం ఎత్తు సుమారు 900 మీటర్లు. అక్కడి నుంచి కొద్ది పదుల కిలోమీటర్లలోనే వాన నీరంతా కంభం మైదానానికి దిగిపోతుంది. వాలు ఎక్కువ, దారి తక్కువ కావడంతో నీటికి ఆగే తీరిక ఉండదు. దోర్నాల, మార్కాపురం వైపు తీగలేరు, కంభం వైపు జంపలేరు వంటి వాగులదీ ఇదే తీరు. గిద్దలూరు దగ్గర నీరు మరో దారి పడుతుంది. అక్కడి సగిలేరు తూర్పుకు రాకుండా దక్షిణానికి తిరిగి, పోరుమామిళ్ల, బద్వేలు మీదుగా పెన్నలో కలుస్తుంది. గిద్దలూరు కొండల మీద పడిన ఒకే వాన కొంత గుండ్లకమ్మ వెంట ఒంగోలు వైపు, కొంత సగిలేరు వెంట కడప జిల్లాలోకి పోతుందన్నమాట. నంద్యాల జిల్లా అడవుల్లో కురిసిన వాన కంభానికి వరదగా వస్తుంది. జిల్లాల గీతలు నీటికి పట్టవు.

ఆ గీతలు కూడా మారుతూ వచ్చాయి. 1970లో కొత్త జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లావి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. ఒంగోలు నుంచి మార్కాపురం దాదాపు వంద కిలోమీటర్లు, గిద్దలూరు ఇంకా దూరం. వాగు పొంగిన రాత్రి ఆ దూరం చిన్నది కాదు. 2025 డిసెంబరు ఆఖరున మార్కాపురం కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడటంతో కలెక్టరు, ఎస్పీ కార్యాలయాలు కొండల దగ్గరికి వచ్చాయి. కంట్రోల్ రూము దగ్గరికి రావడం మేలే. అయితే అది పని చేసేది వాన లెక్కల మీద. ఆ లెక్కలు సరిగ్గా, సకాలంలో రావాలి.

ఈ ప్రాంతానికి వాన రెండు రుతుపవనాలతోనూ వస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యం. ఉమ్మడి ప్రకాశం మొత్తం మీద రెంటి వాటా దాదాపు సమానం. నైరుతి వానలు ఎక్కువగా ఎండిన చెరువులను తడుపుతాయి. భయపెట్టేది అక్టోబరు, నవంబరు నెలల అల్పపీడనాలు, తుపానులు. అప్పటికే చెరువుల్లో నీరు ఉంటుంది, నేల తడిసి ఉంటుంది, పడిన వాన పడినట్టు పారుతుంది. తీరానికి దూరంగా ఉన్నాం కదా అనుకోవడానికీ లేదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఆ వాన మాత్రం లోతట్టుకు సాగి నల్లమలకు రెండు వైపులా కురిసింది. డిండి దగ్గర హైదరాబాద్–శ్రీశైలం రహదారి కోతకు గురై రాకపోకలు ఆగిపోయాయి. తుపాను కన్ను ఎక్కడ నేలను తాకిందన్నది వార్తల్లో పెద్ద అక్షరాల్లో వస్తుంది. వాగుల ప్రాంతానికి కావలసిన సమాచారం వేరు: ఏ కొండ మీద, ఎన్ని గంటల్లో, ఎన్ని సెంటీమీటర్ల వాన పడిందన్నది.

వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ వర్షం. ఈ కొలతకు రోజు మొదలయ్యేది ఉదయం 8:30కి. ఇక్కడే ఒక చిక్కుంది. తహసీల్దారు కార్యాలయంలో చేత్తో కొలిచే పాత వర్షమాపకం మీదే ఆధారపడితే, ఉదయం పది గంటలకు పడిన జడివాన మర్నాడు ఉదయం నివేదికలో కనిపిస్తుంది. అప్పటికి ఆ నీరు కంభం చెరువులోకి చేరి ఉంటుంది. అందుకే గంటగంటకూ లెక్క పంపే స్వయంచాలక వాతావరణ కేంద్రాలు ఈ ప్రాంతానికి ప్రాణం. రాష్ట్రంలో మండలాల వారీగా వీటిని నెలకొల్పారు. అయితే మండల కేంద్రంలో ఉన్న యంత్రం మైదానం వానను కొలుస్తుంది, వరద పుట్టేదేమో కొండ మీద. ఊళ్లో చినుకు లేకుండానే వాగు ఎర్రగా దూకడం ఇక్కడివారు ఎరిగిన సంగతే. అడవిలో, ఘాట్ల పైన కొలత కేంద్రాలు ఎన్ని ఉంటే హెచ్చరిక అంత ముందు వస్తుంది.

రాడార్ ఈ లోటును కొంత పూడుస్తుంది గాని మొత్తం పూడ్చలేదు. మచిలీపట్నంలోని డాప్లర్ రాడార్‌కు మార్కాపురం సుమారు 200 కిలోమీటర్ల దూరం. భూమి గుండ్రన కాబట్టి రాడార్ కిరణం దూరం పోయేకొద్దీ నేలకు ఎత్తుగా సాగుతుంది. మార్కాపురం మీదికి వచ్చేసరికి అది నాలుగు కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మేఘం పైభాగం కనిపిస్తుంది, కింద కొండను రాసుకుంటూ కురిసే వాన సరిగా చిక్కదు. దీనికి తోడుగా వాతావరణ శాఖ మూడు గంటలకు వర్తించే తక్షణ సూచనలు ఇస్తుంది. 2020 నుంచి దక్షిణాసియా దేశాల కోసం ఆకస్మిక వరద మార్గదర్శక వ్యవస్థను కూడా నడుపుతోంది. ఏ చిన్న పరీవాహకంలో నేల ఎంత తడిసి ఉంది, ఇంకెంత వాన పడితే వాగు పొంగుతుంది అని అది అంచనా కడుతుంది. జిల్లా మొత్తానికి ఆరెంజ్ అలర్ట్ అని చెప్పడం కంటే వాగుల సీమకు ఇలాంటి లెక్కే అక్కరకొస్తుంది.

ఆ లెక్క ఎలా ఉంటుందో కంభం చెరువు దగ్గర చూడవచ్చు. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డంగా కట్ట వేసి, వందల ఏళ్ల కిందట కట్టించిన చెరువు ఇది. కట్టించిన రాణి వరదరాజమ్మ అని ప్రతీతి. అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ సంస్థ 2020లో దీన్ని వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. కట్ట ఎత్తు 57 అడుగులు. దీనికి నీరు వచ్చే పరీవాహకం 430 చదరపు మైళ్లు, అంటే సుమారు 1,100 చదరపు కిలోమీటర్లు. చెరువులో నిలిచే నీరు దాదాపు మూడు టీఎంసీలు. ఇప్పుడు ఆ పరీవాహకం మొత్తం మీద పది సెంటీమీటర్ల వాన పడిందనుకుంటే, కురిసిన నీరు దాదాపు నాలుగు టీఎంసీలు, చెరువు పట్టేదానికంటే ఎక్కువ. అడవి, నేల పీల్చుకోగా మూడో వంతే పారిందనుకున్నా ఒకటింబావు టీఎంసీ దాటుతుంది. చెరువు ఖాళీగా ఉంటే ఆ వాన పండుగ. చెరువు నిండి ఉంటే ఆ నీరంతా అలుగు మీదుగా కిందికి దూకాల్సిందే. కాబట్టి వాన సూచనతో పాటు చెరువు మట్టం కూడా ఒకే తెర మీద, ఒకే గంటలో కనిపించాలి. ఈ రెండు అంకెలూ రెండు శాఖల చేతుల్లో విడివిడిగా ఉంటే రెండూ వృథా.

కంభం చెరువు పెద్దది గనుక అందరి కళ్లూ దాని మీదే ఉంటాయి. ప్రమాదం ఎక్కువగా పొంచి ఉండేది చిన్న చెరువుల దగ్గర. ఈ ప్రాంతంలో చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు అలుగు నీరు కింది చెరువుకు చేరుతుంది. ఏళ్ల తరబడి వాన లేక ఎండిన కట్టల మీద కంప పెరుగుతుంది, ఎలుకలు బొరియలు చేస్తాయి, అలుగు వాగులో పూడిక పేరుకుంటుంది, ఎక్కడైనా ఆక్రమణ కూడా జరుగుతుంది. నీరు వచ్చిన ఏడాది పైచెరువుకు గండి పడితే, ఆ నీటి దెబ్బకు కింది కట్టలు వరసగా తెగుతాయి. కరువు ప్రాంతంలో చెరువు భద్రతను ఎవరూ పట్టించుకోకపోవడానికి కరువే కారణం, ఆ నిర్లక్ష్యమే చెరువుకు అసలు ముప్పు.

పొరుగునే కడప జిల్లాలో ఉన్న పోరుమామిళ్ల చెరువు శాసనం ఈ సంగతిని 1369లోనే చెప్పింది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు వేయించిన ఆ శాసనం మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, ఆరు దోషాలను లెక్కపెట్టింది. కట్ట నుంచి నీరు ఊరడం ఒక దోషం. చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం మరో దోషం. మొదటిది ఇంజినీరు చూడాల్సింది, రెండోది కలెక్టర్లు చూడాల్సింది. ఆరున్నర శతాబ్దాల తర్వాత కూడా ఆ రెండు దోషాలకూ మందు వెతుకుతూనే ఉన్నారు.

గట్టి కట్టడాలు కూడా నిర్వహణ లేకపోతే ఏమవుతాయో రాష్ట్రం చూసింది. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. ఐదు గేట్లలో ఒకటి అప్పటికే పనిచేయడం లేదు. దిగువ ఊళ్లలో పదుల మంది ప్రాణాలు కోల్పోయారు. గుండ్లకమ్మ దిగువన మల్లవరం దగ్గరున్న కందుల ఓబులరెడ్డి ప్రాజెక్టులో 2022 ఆగస్టు ఆఖరున ఒక గేటు, 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వానల తర్వాత మరో గేటు కొట్టుకుపోయాయి. గేటు పోయాక నీరు సముద్రం పాలైంది. కంభంలో అలుగు పారుతోందన్న కబురు మల్లవరానికి వెంటనే అందాలి. మల్లవరంలో ఎన్ని గేట్లు లేస్తాయో పైవారికీ తెలిసి ఉండాలి.

కంట్రోల్ రూముల నుంచి హెచ్చరిక ఊరి దాకా రావడం మరో దశ. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం దేశంలో ప్రధానమంత్రి, రాష్ట్రంలో ముఖ్యమంత్రి, జిల్లాలో కలెక్టరు అధ్యక్షులుగా ప్రాధికార సంస్థలు ఉంటాయి. జిల్లా సంస్థకు జిల్లా పరిషత్ అధ్యక్షులు సహాధ్యక్షులు. ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ అమరావతి ప్రాంతం నుంచి ఫోన్లకు సందేశాలు పంపుతుంది, పిడుగుల హెచ్చరికలు కూడా ఇస్తుంది. నల్లమల అంచున గొర్రెలు మేపుకునేవారికి పిడుగు హెచ్చరిక విలువ ఎంతో చెప్పనక్కర్లేదు. కానీ సిగ్నల్ లేని గట్టు మీద ఆ సందేశం రాదు. అందుకే పాత దండోరాకు, గుడి మైకుకు, మసీదు మైకుకు, మార్కాపురం ఆకాశవాణికి ఇప్పటికీ పని ఉంది. కరెంటు పోయి టవర్ల బ్యాటరీలు దిగిపోయిన రాత్రి, రెండు సెల్లుల రేడియో ఒక్కటే మాట్లాడుతుంది.

ఊళ్లో ఆ కబురును అందుకునేది గ్రామ సచివాలయం. వీఆర్వో, ఇంజినీరింగ్ అసిస్టెంట్, మహిళా పోలీసు, ఏఎన్ఎం, వ్యవసాయ సహాయకులు ఒక్క చోటే ఉండటం ఈ వ్యవస్థలో పెద్ద సౌలభ్యం. వాన పడకముందే చేయాల్సిన పనులు వీరికి వంతులుగా పంచి ఉండాలి. కాన్పు దగ్గరపడ్డ గర్భిణులను ముందురోజే ఆసుపత్రికి చేర్చడం కోస్తా తుపానుల నుంచి రాష్ట్రం నేర్చుకున్న మంచి అలవాటు. చప్టా అవతల ఉన్న ఊళ్లకు అది మరీ అవసరం. డయాలసిస్ చేయించుకునేవారు, ఇన్సులిన్ వాడేవారు, నడవలేని వృద్ధులు ఎవరెవరో పేర్లతో జాబితా ఉండాలి. ఇసుక బస్తాలు, జేసీబీ, రంపపు మిషన్లు, జనరేటరుకు డీజిల్ ఎక్కడున్నాయో, ఎవరికి ఫోన్ చేస్తే కదులుతాయో రాసిపెట్టుకోవాలి. చెరువు కట్టకు రాత్రంతా కాపలా కావాలి. కట్ట దిగువన సన్నగా ఊరే నీరు తేటగా ఉంటే గమనిస్తూ ఉంటే చాలు. అది మట్టిరంగుకు తిరిగిందంటే లోపల మట్టి కొట్టుకుపోతోందని అర్థం, ఇక క్షణం ఆగకూడదు.

ప్రాణాలు పోయేది ఎక్కువగా ఇళ్లలో కాదు, చప్టాల మీద. లో లెవల్ వంతెన మీద నీరు మోకాలి లోతే కదా అని బైకు, ఆటో, ట్రాక్టరు దింపుతారు. ప్రవాహం జోరుగా ఉంటే అడుగు నీరు చిన్న కారును తేల్చేస్తుంది, రెండడుగులు చాలా వాహనాలను ఈడ్చుకుపోతాయి. బురద నీటి కింద రోడ్డు ఉందో, కోసుకుపోయిందో పైకి తెలియదు. దీనికి మందు ఖరీదైనది కాదు: లోతు చూపే రంగు స్తంభాలు, రెండు వైపులా గొలుసు, రాత్రి ఒక కానిస్టేబులు. గిద్దలూరు–నంద్యాల ఘాట్, దోర్నాల–శ్రీశైలం ఘాట్ కూడా ఈ జాబితాలో చేరాలి. అక్కడ కొండచరియలు జారితే బస్సులు అడవి మధ్య నిలిచిపోతాయి. నల్లమల గుండా పోయే గుంటూరు–నంద్యాల రైలుమార్గం మీద నీరు చేరినప్పుడు రైల్వేవారికి, రెవెన్యూవారికి మధ్య ఒక్క ఫోను ఆలస్యమైనా ప్రయాణికులు చీకట్లో కూర్చోవాల్సిందే.

జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం పదో బెటాలియన్ విజయవాడ దగ్గర కొండపావులూరులో ఉంది. పడవలు, తాళ్లు, తర్ఫీదు ఉన్నవారు. కానీ రోడ్డు బాగున్నప్పుడే వారు మార్కాపురం చేరడానికి గంటలు పడుతుంది. వాగు వరదకు ఆ గంటలే మొత్తం కథ. అంచేత తొలి రక్షకులు అగ్నిమాపక సిబ్బంది, పోలీసులు, ఊరి ఈతగాళ్లే అవుతారు. వారికి లైఫ్ జాకెట్లు, గట్టి మోకులు ముందే ఇచ్చి ఉంచడం అన్నిటికంటే చవకైన సన్నాహం.

సహాయ శిబిరాలు సాధారణంగా బడుల్లో పెడతారు. అన్నం, దుప్పటి, దీపం ఏదోలా సమకూరుతాయి. ఇక్కడ కష్టం తాగునీటి దగ్గర వస్తుంది. భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఈ ప్రాంతంలో చాలా ఊళ్లు ట్యాంకర్ల మీద ఆధారపడతాయి. వాగు పొంగి దారి తెగితే చుట్టూ నీళ్లుండగా తాగడానికి నీళ్లుండవు. ట్యాంకులు ముందే నింపి ఉంచడం, మునిగిన బోర్లకు క్లోరినేషన్ చేసేదాకా వాడనీయకపోవడం సచివాలయం బాధ్యత. ఎర్రగొండపాలెం మండలంలోని పాలుట్ల వంటి అడవి లోపలి చెంచు గూడేల విషయం ఇంకా వేరు. అక్కడికి దారి పోతే మళ్లీ తెరుచుకునేది ఎప్పుడో తెలియదు. రుతుపవనాలకు ముందే రేషను, మందులు గూడెం చేర్చడం ఒక్కటే దారి. ఆ పనిలో శ్రీశైలం గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), అటవీ శాఖ, రెవెన్యూ శాఖ మూడూ కలవాలి.

నీళ్లు తీశాక లెక్కల వరద మొదలవుతుంది. 2022లో కేంద్రం సవరించిన ప్రమాణాల ప్రకారం విపత్తు నిధి నుంచి మృతుల కుటుంబానికి 4 లక్షల రూపాయలు, పాడి పశువుకు 37,500, గొర్రెకు లేదా మేకకు 4,000 ఇస్తారు. పంట 33 శాతం, అంతకు మించి పోతేనే సాయం. వర్షాధార పంటకు హెక్టారుకు 8,500, నీటి వసతి ఉన్నదానికి 17,000, బహువార్షిక పంటలకు 22,500, అదీ రెండు హెక్టార్లకే. ఈ నిధిలో కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రం వాటా 25. రాష్ట్రం కావాలంటే దీనికి పైన కలిపి ఇవ్వవచ్చు. 2024 సెప్టెంబరు బుడమేరు వరదల తర్వాత వరికి హెక్టారుకు 25,000 ప్రకటించింది అలాగే.

అంకెలు చదవడానికి తేలిక. అవి చేతికి రావడం దగ్గరే తిరకాసు. ప్రభుత్వ పంటల నమోదైన ఈ-పంటలో ఉన్న పంటకే నష్టం రాస్తారు. పత్తి, కంది, మిరప వేసిన కౌలు రైతుకు సాగు హక్కు పత్రం లేకపోతే డబ్బు భూయజమాని ఖాతాకు పోతుంది, అప్పు మాత్రం కౌలుదారు నెత్తిన ఉంటుంది. చచ్చిన గొర్రెకు పశువైద్యుడి ధ్రువీకరణ కావాలి. మరి వాగులో కొట్టుకుపోయిన మంద కళేబరాలు ఎక్కడి నుంచి తేవాలి? జీవాల మీద బతికే ఈ మండలాల్లో ఇది అరుదైన ప్రశ్న కాదు. టీకాల రిజిస్టరును, తోటి కాపరుల సాక్ష్యాన్ని ఆధారంగా ఒప్పుకోవడం న్యాయం. జాబితాను సచివాలయం గోడకు అంటించి, అభ్యంతరాలు విన్నాకే ఖరారు చేస్తే సగం తగాదాలు అక్కడే తీరతాయి. రైతులు కూడా పొలంలో నీళ్లుండగానే తేదీ పడేలా ఫొటో తీసి ఉంచుకోవడం, ఈ-పంట రసీదు దాచుకోవడం మంచిది.

అత్యవసర సాయానికి 112కు ఫోన్ చేయవచ్చు. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ కంట్రోల్ రూము నంబర్లు 1070, 1800 425 0101. పిలిచేటప్పుడు ఊరు, మండలంతో పాటు వాగు పేరు, దగ్గరి చప్టా లేదా చెరువు పేరు చెబితే సిబ్బంది దారి వెతుక్కునే సమయం మిగులుతుంది.